చేపల తొట్టికి తోడు పెట్టాలి

చిరంజీవులు అమ్ములుకు, చింటూకు,

కైకలూరు నుంచి తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. అమ్మమ్మ మోకాలి నొప్పి మామూలే.

అమ్ములూ, మొన్న నువ్వు అడిగినదానికి "ఉత్తరం రాస్తాలే" అన్నానని అలిగావట. తప్పించుకోవడానికి అనలేదమ్మా. ఫోన్లో మొదలుపెడితే సగంలో చింటూ లాక్కుంటాడు, మిగతా సగంలో మీ అమ్మ "స్కూలుకి టైమవుతోంది" అంటుంది. నీ ప్రశ్న నాకు పొల్లుపోకుండా గుర్తుంది. "రోజూ నీళ్ళన్నీ పారబోశాం, గాజు బౌలు సబ్బుతో తోమాం, కొత్త నీళ్ళు పోశాం. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో! అయినా వారానికే ఒక గోల్డ్‌ఫిష్ చచ్చిపోయింది. ఎందుకు తాతయ్యా?"

పెద్దవాళ్ళు కూడా ఇలా అడగరు. కొట్టువాడు రోగం చేపని అంటగట్టాడనుకుని ఇంకోటి కొనుక్కొస్తారు. నువ్వు మాత్రం చేసిన పనులన్నీ వరసగా చెప్పి మరీ అడిగావు. జవాబు ఆ వరసలోనే ఉంది.

చేప తినేదీ ఆ నీళ్ళలోనే, విసర్జించేదీ ఆ నీళ్ళలోనే. అడుగున పడే రెట్ట కంటికి కనబడుతుంది కాబట్టి దాని సంగతి అలా ఉంచండి. కనబడనిది ఇంకొకటి ఉంది. చేప తన మొప్పల్లోంచి పగలూ రాత్రీ అమ్మోనియా వదులుతూ ఉంటుంది. దానికి రంగు లేదు, ఉన్న కాస్తకి వాసనా రాదు. చిన్న బౌల్లో ఒకట్రెండు రోజుల్లోనే మొప్పల్ని దెబ్బతీసేంత చేరిపోతుంది. చెరువుల్లో దీన్ని తిని బతికే బాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. రెండో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. అది కాస్త పోగైనా చేప తట్టుకుంటుంది. ఈ పేర్లు గుర్తు పెట్టుకోనక్కర్లేదు, మీ పరీక్షల్లో రావు.

ఇప్పుడు వంటింట్లోకి రండి.

రాత్రి అమ్మమ్మ పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పాత పెరుగు వేసి మూత పెడుతుంది. తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. ఆ తోడు లేకపోతే ఎంత చిక్కటి పాలైనా విరుగుతాయే తప్ప తోడుకోవు. కొత్త తొట్టి కూడా తోడు వేయని పాలే. ఆ బాక్టీరియా అందులో ఇంకా చేరలేదు. చేరడానికి, చేరి పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరేమో రోజూ సబ్బు పెట్టి తోమారు. అంటే తోడు వేసిన గిన్నెని గంటకోసారి కడిగేసి, పెరుగేదని వెతికినట్టు.

మీ కింద అంతస్తు ఆంటీ వాళ్ళింట్లో అక్వేరియం ఉందన్నావు కదా. గిన్నె పట్టుకుని పెరుగు తోడుకి వెళ్ళినట్టే వెళ్ళి, వాళ్ళ ఫిల్టర్లోని పాత స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. ఆ తొట్టి నీళ్ళలోనే వేసి, తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి. ఈ తోడు నీళ్ళలో కంటే ఎక్కువగా స్పాంజికి, గులకరాళ్ళకి, గాజుకి అంటుకుని బతుకుతుంది. తెచ్చే ముందు వాళ్ళ చేపల్ని ఓసారి బాగా చూడండి. ఒంటిమీద తెల్లటి చుక్కలున్నా, రెక్కలు ముడుచుకుని ఓ మూల పడి ఉన్నా ఆ తోడు వద్దు. పులిసిన పెరుగు తోడు వేస్తే మనదీ పులుస్తుంది.

సలసలా కాగే పాలలో తోడు వేస్తే ఏమవుతుంది? చచ్చిపోతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ కూడా అంతే. క్రిముల్ని చంపడానికే దాన్ని కలుపుతారు, మంచి క్రిమి ఏదో చెడ్డ క్రిమి ఏదో దానికేం తెలుసు? చేప మొప్పల్నీ వదలదు. నీళ్ళు వెడల్పాటి బకెట్లో పట్టి, మూత పెట్టకుండా ఒక రోజు ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. అంత ఓపిక లేకపోతే అక్వేరియం కొట్లో యాంటీ క్లోరిన్ చుక్కల మందు దొరుకుతుంది. మీ వంటింట్లో ఆర్వో నీళ్ళు మాత్రం పోయకండి. చేపకి కావలసిన ఖనిజాలు వాటిలో ఉండవు.

చలికాలంలో పెరుగు ఆలస్యంగా తోడుకుంటుంది, తొట్టీ అంతే. తోడుకున్న పెరుగుని అలాగే బయట వదిలేస్తే పులుస్తుంది, తొట్టిలో నైట్రేట్ పోగవడం అలాంటిదే. అందుకని వారానికోసారి పావు వంతు నీళ్ళు తీసి, క్లోరిన్ పోయిన నీళ్ళు అంతే పోయాలి. పావు వంతే! ఫిల్టర్ స్పాంజికి మురికి పడితే కుళాయి కింద పెట్టకుండా, ఆ తీసేసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టేయాలి.

వెనక నుంచి చదువుతున్న అమ్మమ్మ "ఇక ఆ పోలిక ఆపండి, వాడు నిజంగానే పెరుగు తెచ్చి తొట్టిలో వేస్తాడు" అంటోంది. చింటూ, అది నీ గురించే. పెరుగు వేయకు.

ఇంతకీ తొట్టి అంటున్నాను కానీ మీ దగ్గర ఉన్నది గుండ్రటి బౌలు. అది తీసేయండి. రోమ్ నగరంలో 2005లో గోల్డ్‌ఫిష్‌ని గుండ్రటి బౌల్లో పెంచకూడదని చట్టమే చేశారు. నీళ్ళలోకి గాలి పైనుంచే దిగాలి, మెడ దాకా నింపిన బౌలుకి పైన మూతి ఎంత? రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉన్న తొట్టి చూడమని నాన్నతో చెప్పాను. దాదాపు 88 లీటర్లు పడుతుంది. ఇంత పిల్లకి అంత తొట్టా అన్నాడు మీ నాన్న. మామూలు గోల్డ్‌ఫిష్ పెరిగితే అడుగు దగ్గరికి వస్తుంది. బౌల్లో ఎదగకుండా ఉండిపోయినవే మనకి కనబడతాయి గనక చిన్న చేప అనుకుంటాం. చైనావాళ్ళు వెయ్యేళ్ళ కిందటే చెరువు చేపల్లో ఎర్రగా, పసుపుగా పుట్టినవాటిని ఏరి, వేరుగా పెంచుతూ పెంచుతూ దీన్ని తయారుచేశారు. కార్పుల కుటుంబం. అంటే మన శీలావతికి, బొచ్చెకి చుట్టమే.

ఆ మాట వస్తే నాకు మా నాన్న గుర్తొస్తారు. మాది కొల్లేటి లంక కదా. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి పోయడం, ఉప్పుటేరు వాటిని సముద్రానికి పట్టుకుపోవడం, మధ్యలో మేం. ఎండాకాలం తెల్లవారుజామున, ఇంకా చీకటుండగానే నాన్న నన్ను లేపి చెరువు గట్టుకి తీసుకెళ్ళేవారు. లాంతరు ఎత్తి పట్టుకుంటే నీళ్ళ మీద వందల నోళ్ళు. గుండ్రంగా తెరుచుకుంటూ మూసుకుంటూ, చప్ చప్ మని చప్పుడు. నాకు భలే సరదాగా ఉండేది. ఆయన మొహంలో మాత్రం టెన్షన్. "చేపలు తేలాయిరా" అని ఇంజను ఆన్ చేసి, నీళ్ళు పైనుంచి పడేట్టు గొట్టం తిప్పేవారు. మేం కర్రలతో నీళ్ళు బాదేవాళ్ళం. రాత్రంతా నాచు, చేపలు అందరూ కలిసి ఆక్సిజన్ పీల్చేస్తారు, ఎండ లేదు కాబట్టి నాచు తిరిగి ఇచ్చేది ఏమీ ఉండదు. తెల్లారేసరికి నీళ్ళలో ఖజానా ఖాళీ. ఇప్పుడైతే ఏరేటర్లు వచ్చాయి, ఆ పని మోటార్లు చేస్తున్నాయి.

మీ చేప కూడా పైకొచ్చి అదేపనిగా నోరు తెరుస్తోందంటే ఆకలి కాకపోవచ్చు. గాలి అందడం లేదేమో, అమ్మోనియా పెరిగిందేమో చూడండి. ముందు పావు వంతు నీళ్ళు మార్చండి, ఎయిర్ పంపు పనిచేస్తోందో లేదో చూడండి, ఆ తర్వాతే తిండి మాట.

తిండి అంటే ఇంకోటి. మా వైపు చెరువుల్లో తవుడు, నూనె తీసిన గింజల చెక్క నీళ్ళలోకి చల్లరు. సంచులకి చిల్లులు పెట్టి, వాటిలో మేత నింపి, నీళ్ళలో పాతిన వెదుళ్ళకి కడతారు. చేపలే వచ్చి చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. మర్నాడు పడవ మీద వెళ్ళి సంచి తడిమి చూస్తారు. నిన్నటిది మిగిలిందా, ఇవాళ మేత తగ్గించేస్తారు. వందల ఎకరాల రైతు కూడా మిగిలిందా లేదా అని చేత్తో తడిమి చూసుకుంటాడు, మీరు అరచేతి నిండా పోసి బడికి పోతారు. గోల్డ్‌ఫిష్‌కి పొట్టసంచి లేదు, నోటి నుంచి నేరుగా పేగే. ఇక చాలు అనడం దానికి చేతకాదు, పెట్టినంతా తింటుంది, మిగిలింది కుళ్ళి మళ్ళీ అమ్మోనియానే. రెండు నిమిషాల్లో అయిపోయేంత, రోజుకి ఒకటి రెండుసార్లు, అంతే. గుళికలు కాసేపు నానబెట్టి వేయండి. వారానికోసారి ఉడికిన పచ్చి బఠాణీ తొక్క తీసి, నలిపి వేయండి. మీరు దగ్గరికి రాగానే గాజు దగ్గరికి ఉరికొస్తుంది కదా, చింటూ చెప్పిన "మూడు సెకన్ల జ్ఞాపకం" కథ నమ్మకండి. మూడు సెకన్లలో మరిచిపోయేదైతే అన్నం పెట్టే చెయ్యి ఏదో దానికెలా తెలుస్తుంది?

ఇక ఎండాకాలం సంగతి. మీ డాబా మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది కదా, మే నెలలో మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. ఆ నీళ్ళు ఎప్పుడూ నేరుగా పోయకండి. గోల్డ్‌ఫిష్‌కి 18 నుంచి 24 డిగ్రీలు హాయి. 20 డిగ్రీల్లో లీటరు నీళ్ళు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల్లో ఏడున్నరే. తొట్టిని కిటికీ ఎండకి దూరంగా పెట్టి, మూత తీసి, నీళ్ళకి ఫ్యాను గాలి తగిలేట్టు చూడండి. ఐసు గడ్డలు మాత్రం వేయకండి, ఉన్నట్టుండి చల్లబడినా చేపకి కష్టమే.

చలిలో మాత్రం దీని విద్యలు చూడాలి. మంచు కప్పిన చెరువుల్లో, ఆక్సిజన్ బొత్తిగా లేని చోట కూడా గోల్డ్‌ఫిష్ కొన్నాళ్ళు బతకగలదు. మన కండరాల్లో గాలి చాలనప్పుడు లాక్టిక్ ఆసిడ్ చేరుతుంది. ఇది దాన్ని ఒంట్లోనే ఆల్కహాలుగా మార్చి మొప్పల్లోంచి బయటికి పంపేస్తుంది! ఎలా నేర్చుకుందో నాకు ఎంత చదివినా ఆశ్చర్యమే. మన ఎండలకి ఈ విద్య అక్కరకి రాదు, అదీ గమ్మత్తు.

బాగా చూసుకుంటే పది, పదిహేనేళ్ళు మామూలుగా బతుకుతుంది. ఇంగ్లండులో 1956లో ఒకరు తిరనాళ్ళలో గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా ఉంది. 43 ఏళ్ళు! మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు ఇంటికొచ్చి, మీ అమ్మ పుట్టి పెరిగేదాకా ఉందన్నమాట. కాబట్టి కొనేటప్పుడే ఆలోచించాలి. విసుగొచ్చిందని ఏ చెరువులోనో వదిలేద్దాం అనుకోకండి. అక్కడి చేపలకి రోగాలు అంటిస్తుంది, అడుగు కెలికి నీళ్ళు బురద చేస్తుంది. పెంచలేకపోతే అక్వేరియం ఉన్న ఇంకొకరికి ఇవ్వాలి.

మిగిలిన ఒక్క చేపకి ఇప్పుడు ఏం చేయాలి? పెద్ద తొట్టి వచ్చాక, స్పాంజి తోడు పెట్టండి. నెల రోజులు మేత తగ్గించి, రెండు రోజులకోసారి పావు వంతు నీళ్ళు మార్చండి. అమ్మోనియా టెస్ట్ కిట్ కొనుక్కుని, రంగు చార్టుతో పోల్చి నోటుబుక్కులో రాసుకోండి. ఆ నెల దాటాకే రెండో చేప. దాన్నీ రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచాకే కలపాలి.

అన్నట్టు, తొట్టి అడుగున సన్న ఇసుక వేయండి. దాని నోట్లో ఇరుక్కునేంత గులకరాళ్ళు వద్దు. ఆదివారం నాడు ఫోను పక్కన పడేసి, గాజు ముందు కూర్చోండి. అది తల కిందకి వంచి నోటి నిండా ఇసుక పీల్చుకుంటుంది, బుగ్గలు కదుపుతూ కాసేపు నములుతుంది, ఇసుకంతా ఉమ్మేస్తుంది. మధ్యలో ఉన్న మేత మాత్రం లోపలే ఉండిపోతుంది. దాని నోటి పైభాగంలో రుచి తెలిసే కండ ఒకటుంది, అది తిండిని అదిమి పట్టి రాయిని వదిలేస్తుంది. నమిలే పళ్ళేమో గొంతులో! మొప్పల్లోంచి కూడా ఇసుక జారుతుందంటారు, మీరే చూసి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: నీళ్ళు నిలవ ఉంచే బకెట్ మీద పెద్ద అక్షరాలతో "చేపలది" అని రాసి పెట్టండి. లేకపోతే దాంట్లో ఎవరో ఒకరు సర్ఫ్ కలిపి బట్టలు నానబెడతారు.