పుట్టగానే వైరస్ సోకిన చిట్టెలుకలు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు ల్యాబుల్లో కొత్తగా జంతుగృహం పనిలో చేరే మన తెలుగు పిల్లల కోసం ఇది రాస్తున్నాం. ఉదాహరణకు చిట్టెలుకలకు సోకే ఎల్‌సీఎంవీ (లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ వైరస్)ని తీసుకున్నాం. పసిప్రాణుల్లో వైరస్ ఎలా తిష్ఠ వేస్తుందో ఎక్కువగా నేర్పింది ఈ వైరసే.

అపోహ: రోగనిరోధక శక్తిని అణిచేస్తే జబ్బు ముదురుతుంది.

వాస్తవం: ఇందులో మాత్రం కథ వేరు. ఎదిగిన చిట్టెలుక మెదడులోకి ఈ వైరస్ ఎక్కిస్తే సుమారు 6-8 రోజుల్లో చనిపోతుంది. చంపేది వైరస్ కాదు, దాన్ని వెంటాడే టీ-కణాలు (రోగనిరోధక శక్తిలో భాగమైన తెల్ల రక్తకణాలు). సైక్లోఫాస్ఫమైడ్ అనే మందుతో వాటిని అణిచినా, అవి ఎదిగే థైమస్ గ్రంథిని పుట్టగానే తీసేసినా ఎలుక బతుకుతుంది, వైరస్ ఒంట్లోనే ఉండిపోతుంది. కాబట్టి "ఎలుక బతికింది, మందు పనిచేసింది" అని నోట్‌బుక్‌లో రాసేముందు రక్తంలో, మూత్రపిండాల్లో వైరస్ ఎంతుందో కొలవండి. ఈ ఒక్క కొలత వదిలేస్తే ప్రయోగమంతా తప్పుదారి పడుతుంది.

అపోహ: పుట్టిన రోజే సోకితే ఒళ్లు వైరస్‌ను తనదే అనుకుంటుంది, యాంటీబాడీలే పుట్టవు.

వాస్తవం: చాలాకాలం అలాగే నమ్మారు. 1967లో ఓల్డ్‌స్టోన్, డిక్సన్ అనే శాస్త్రవేత్తలు ఈ ఎలుకల్లోనూ యాంటీబాడీలు తయారవుతాయని చూపించారు. అవి వైరస్‌కు అతుక్కుని గుంపులై మూత్రపిండాల్లో పేరుకుంటాయి, అక్కడే క్రమంగా జబ్బు మొదలవుతుంది. విడిగా తిరిగే యాంటీబాడీ తక్కువ కాబట్టి, యాంటీబాడీ పరీక్ష ఒక్కటే చేస్తే ఇలాంటి ఎలుక తప్పించుకోవచ్చు. అనుమానం ఉంటే పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) తప్పదు. బయటినుంచి తెచ్చిన కణితి కణాలకు కూడా ముందే పీసీఆర్ చేయించండి. మన ఎలుకల కాలనీలోకి ఈ వైరస్ వచ్చే దొంగదారుల్లో అదొకటి.

అపోహ: పసికూనకు టీ-కణాలే పనిచేయవు.

వాస్తవం: మోతాదును బట్టి ఉంటుంది. 1996లో చిట్టెలుకల ల్యూకీమియా వైరస్‌తో చేసిన పనిలో, తక్కువ మోతాదు ఇచ్చిన పసికూనల్లో కాపాడే టీ-కణాలు పుట్టాయి. ఎక్కువ మోతాదుకు పుట్టలేదు. కనుక రికార్డులో పిల్ల వయసు గంటల్లో, వైరస్ మోతాదు అంకెల్లో ఉండాలి. "పసిపిల్ల" అని రాస్తే చాలదు.

అపోహ: తిష్ఠ వేసిన వైరస్ ఇక పోదు.

వాస్తవం: రోగం తట్టుకున్న ఎలుక నుంచి టీ-కణాలు ఎక్కిస్తే రక్తంలోంచి తొలగిపోతుంది. మెదడు, మూత్రపిండాల్లో ఆలస్యమవుతుంది.

అపోహ: ఆరోగ్యంగా కనిపించే ఎలుకతో మనకు భయం లేదు.

వాస్తవం: దాని మూత్రం, లాలాజలం ద్వారా వైరస్ బయటికి వస్తుంది, మనుషులకూ సోకుతుంది. గర్భిణిగా ఉన్న సిబ్బందిని ఆ గదిలోకి పంపకండి, కడుపులోని బిడ్డకు తీవ్ర హాని జరగవచ్చు. మేత బస్తాలున్న చోటికి బయటి చిట్టెలుకలు చేరకుండా తలుపు కింది సందులు మూసేయండి.