ప్యాచ్ మారితే సౌండ్ ఎందుకు మారుతుంది?

కర్నూలులో పెళ్ళి రిసెప్షన్లలో, చర్చి ఆరాధనల్లో గిటార్ వాయించేవాళ్ళలో ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్) మోసుకొచ్చేవాళ్ళు ఇప్పుడు బాగా తగ్గిపోయారు. కాలి దగ్గర ఒక డిజిటల్ ప్రాసెసర్, దాంట్లోంచి తిన్నగా మిక్సర్‌కు ఒక కేబుల్, అంతే. ఆ చిన్న పెట్టెలో పదుల కొద్దీ ఆంప్ మోడళ్ళు, అంటే అసలు ఆంప్‌ల అనుకరణలు, ఉంటాయి. ఒక మోడల్‌ను దాని సెట్టింగులతో కలిపి దాచుకున్నదే ప్యాచ్. చరణమంతా గరగర లేని క్లీన్ టోన్‌తో నడిపి, బిట్ రాగానే ఫుట్‌స్విచ్ నొక్కి గరగరలాడే డిస్టార్షన్ ప్యాచ్‌లోకి వెళ్తే ఫంక్షన్ హాలు అదిరిపోతుంది. మిక్సర్ దగ్గరున్నాయన కంగారుగా వాల్యూమ్ ఫేడర్ దించుతాడు. మళ్ళీ క్లీన్‌కు వచ్చేసరికి గిటారే వినపడదు. "మిషన్ పాడైందేమో అన్నా" అని కొత్తగా నేర్చుకునేవాళ్ళు టెన్షన్ పడుతుంటారు. మిషన్‌లో ఏ లోపమూ లేదు.

ముందు అసలు ఆంప్‌ల సంగతి చూద్దాం. ఫెండర్ ట్విన్ రివర్బ్ 85 వాట్లది. ఎంత పెంచినా ధ్వని చెదరకుండా శుభ్రంగా పలుకుతుందని దానికి పేరు. అదే కంపెనీ చాంప్ సుమారు 5 వాట్లది. నాబ్ కాస్త పైకి తిప్పితే చాలు, గరగరలాడుతుంది. రెండింటి శక్తికీ 17 రెట్ల తేడా ఉంది. డెసిబెళ్ళలో చెబితే అది దాదాపు 12. పది డెసిబెళ్ళు పెరిగితే చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోస్తుందని స్థూలంగా ఒక లెక్క. స్పీకర్ల తేడాను పక్కన పెడితే, ట్విన్ మనకు చాంప్‌కు రెండింతలకు కొంచెం పైన వినిపించాలి. అంటే నిజం ఆంప్‌లలో ఇక్కడ క్లీన్‌దే పెద్ద గొంతు. ప్రాసెసర్‌లో ఇది తలకిందులవుతుంది. ప్రాసెసర్ ఆంప్ స్వభావాన్ని అనుకరిస్తుంది కానీ దాని వాట్లను మోసుకురాదు. ఏ మోడల్ అయినా అదే కేబుల్ గుండా, అదే కొలతకు లోబడి బయటికి రావాలి.

ఆ కొలతే అసలు విషయం. డిజిటల్ యంత్రంలో శబ్దమంటే అంకెల వరుస. ఆ అంకెలకు దాటడానికి వీల్లేని పైహద్దు ఒకటి ఉంటుంది. క్లీన్ టోన్‌లో తీగ మీటిన క్షణాన ఒక పదునైన శిఖరం లేచి, వెంటనే పడిపోతుంది. ఆ ఒక్క క్షణం కోసమే పైన బోలెడంత చోటు వదిలిపెట్టాలి. డిస్టార్షన్ అంటే ఆ శిఖరాలను నరికేయడం. నరికాక మిగిలినదంతా పైహద్దుకు ఆనుకునే నడుస్తుంది. శుద్ధమైన సైన్ తరంగంలో శిఖరానికీ, సగటు బలాన్ని చెప్పే ఆర్‌ఎంఎస్ విలువకూ మధ్య 3 డెసిబెళ్ళ ఎడం ఉంటుంది. అదే తరంగాన్ని నరికి నరికి చదరపు తరంగంగా మారిస్తే ఎడమే ఉండదు. క్లీన్ గిటార్‌లో ఈ ఎడం 10 డెసిబెళ్ళు దాటడం మామూలే. తుంగభద్రకు ఒక్కరోజు వచ్చిన వరద ఎత్తు చూసి ఏడాదిలో పారిన నీళ్ళెన్నో చెప్పలేం. శిఖరాలను మాత్రమే చూపే పీక్ మీటర్‌లో రెండు ప్యాచ్‌లను సమానం చేసి సరిపోయిందనుకోవడం అలాంటిదే.

దీనికి మన చెవి స్వభావం తోడవుతుంది. 1933లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు, చెవి మంద్రం నుంచి తారం దాకా అన్ని స్థాయీలనూ ఒకేలా వినదని కొలిచి చూపించారు. 3, 4 వేల హెర్ట్జ్‌ల దగ్గర చెవి చాలా చురుకు. మంద్రంలో మందం. గిటార్ లావు తీగ మూలధ్వని 82 హెర్ట్జ్‌లు మాత్రమే. డిస్టార్షన్ దానికి కొత్త హార్మోనిక్‌లను (మూలధ్వనికి రెట్లుగా ఉండే పై ధ్వనులను) చేర్చి, బలంలో కొంత భాగాన్ని చెవి చురుగ్గా వినే చోటికి తెస్తుంది.

ఫ్లెచర్, మన్సన్‌ల కొలతల్లో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. శబ్దం పెరిగేకొద్దీ మంద్రం విషయంలో చెవికున్న ఆ మందం తగ్గిపోతుంది. రాత్రిపూట ఇంట్లో, పక్కింటివాళ్ళకు ఇబ్బంది లేకుండా హెడ్‌ఫోన్స్‌లో చిన్నగా పెట్టి సరిచేసిన ప్యాచ్‌లు మర్నాడు స్టేజీ మీద చెదిరిపోవడానికి ఇదొక కారణం. బేస్ ఎక్కువున్న ప్యాచ్ పెద్ద సౌండ్‌లో మిగతావాటికంటే ఎక్కువగా ఉబ్బుతుంది. పైగా హాల్లో కీబోర్డు, ప్యాడ్స్, బేస్ గిటార్ కూడా ఉంటాయి. మధ్యస్థాయి తగ్గించి, బేస్, ట్రెబుల్ పెంచుకున్న లీడ్ టోన్ ఒంటరిగా వింటే బ్రహ్మాండంగా ఉంటుంది, అందరూ కలిసి వాయించేటప్పుడు మాయమవుతుంది.

ఇదంతా కంపెనీవాళ్ళే ముందుగా సరిచేసి ఇవ్వొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మీ చేతిలో ఏ గిటార్ ఉందో వాళ్ళకు తెలియదు. తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేది పికప్. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ తీసి, దానికి రెట్టింపు వోల్టేజి ఇచ్చే రెండు చుట్టల హంబకర్ పెట్టారనుకోండి. క్లీన్ మోడల్ 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. అప్పటికే నిండా నరుకుతున్న హైగెయిన్ మోడల్ పెద్దగా పెరగదు, ఇంకాస్త గరగర చేరుతుందంతే. గిటార్ మారగానే ఫ్యాక్టరీలో కుదిర్చిన సమతూకం పోతుంది. మీ చేతి బరువు మారినా కొంత పోతుంది. అందుకే ఈ పని వాయించేవాళ్ళే చేసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

చేసేటప్పుడు క్లీన్ ప్యాచ్‌తో మొదలుపెట్టండి. ముందు పైహద్దును తాకేది అదే కాబట్టి, గట్టిగా మీటినా క్లిప్ కాని (పైహద్దు దగ్గర తెగిపోని) చోట దాన్ని నిలిపి, మిగతావాటిని దాని దగ్గరికి దించండి. దించితే నాణ్యత పోతుందన్న భయం అక్కర్లేదు. 24 బిట్ల అంకెలకు సిద్ధాంతరీత్యా అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య దాదాపు 144 డెసిబెళ్ళ విస్తృతి ఉంది. దించడానికి గెయిన్ (ఎంత నరకాలో నిర్ణయించే నాబ్) ముట్టుకోవద్దు, టోన్ మారిపోతుంది. చాలా మోడళ్ళలో మాస్టర్ నాబ్ కూడా ఆంప్‌లో చివర బలమిచ్చే పవర్ ఆంప్ భాగాన్ని కదిలించి టోన్ మారుస్తుంది కాబట్టి అదీ వద్దు. ఛానల్ వాల్యూమ్, లేదా ప్యాచ్ లెవెల్ అని ఉన్నదే ఇందుకు వాడాలి. చెవి కొలతను లెక్కలోకి తీసుకునే ఎల్‌యూఎఫ్ఎస్ మీటర్ ఉంటే తొలి అంచనాకు పనికొస్తుంది. దాని వెనకున్న ప్రమాణాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2006లో ప్రసారాల కోసం తెచ్చింది. చివరి మాట మాత్రం సౌండ్ చెక్‌లో, బ్యాండ్ మొత్తం వాయిస్తుండగా, హాల్లో నిలబడి వినే చెవిదే. గిటార్‌కు వైర్‌లెస్ లేకపోతే ఎవరినైనా వాయించమని మీరు కిందికి దిగి వినండి.

సోలోకు 3, 4 డెసిబెళ్ళు అదనంగా కావాలంటే ఆ బూస్ట్‌ను ప్రాసెసర్ వరుసలో ఆంప్ మోడల్ ఉండే ఆంప్ బ్లాక్ తర్వాత పెట్టండి. ముందు పెడితే ఆంప్ దాన్ని కూడా నరికేస్తుంది. గరగర పెరుగుతుంది కానీ సోలో పైకి రాదు.