ఎజెక్షన్ సీటు: హ్యాండిల్ లాగితే బతికినట్టేనా?

ప్రమాదంలో పైలట్‌ను సీటుతో సహా విమానం బయటికి విసిరేసే ఎజెక్షన్ సీట్లు ఫైటర్ విమానాల్లో ఉంటాయి. వాటిని విప్పి, సరిచూసి, మళ్లీ బిగించడం నా పని. ఆ సంగతి చెప్పగానే చాలామంది అనే మాట ఒకటే: "ఇంకేం, బటన్ నొక్కితే పైలట్ బయటపడతాడుగా!" ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. సీటు ఎంత గొప్పదో నాకు తెలుసు, ఏం చేయలేదో కూడా తెలుసు.

అపోహ: సీటు మనిషిని భద్రంగా పైకి లేపి పారాచూట్‌తో దింపేస్తుంది.

అక్కడ ఉండేది బటన్ కాదు, నలుపు పసుపు చారల హ్యాండిల్. చాలా విమానాల్లో అది పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. లాగగానే భుజాల పట్టీలు వీపును సీటుకు బిగించేస్తాయి. పైన ఉన్న క్యానపీ, అంటే పైలట్ తలమీది పారదర్శకమైన కప్పు, ఎగిరిపోతుంది, లేదా దానికి అంటించిన సన్నటి పేలుడు తీగ దాన్ని ముక్కలు చేస్తుంది. సీటు వెనక గొట్టంలో మందుగుండు పేలుతుంది, కాళ్లను పట్టీలు వెనక్కి లాగి పట్టేస్తాయి, ఆ వెంటనే రాకెట్ అంటుకుంటుంది. పారాచూట్ విచ్చుకునేదాకా అంతా కలిపి రెండు మూడు సెకన్ల పని.

ఆ తోపు 12 నుంచి 20 జీ దాకా ఉంటుంది, అంటే ఒంటి బరువుకు అన్ని రెట్లు. 70 కిలోల మనిషికి 14 జీ అంటే దాదాపు ఒక టన్ను బరువు వెన్నుమీద పడ్డట్టే. అందుకే వీపు కింది భాగం, నడుము కలిసే చోట వెన్నుపూసలు నలగడం తరచుగా చూసే గాయం. తల వెనక్కి ఆనించి, వీపు నిటారుగా ఉంచి, మోచేతులు దగ్గరికి పెట్టుకోమని పదే పదే చెప్పేది ఇందుకే. ముందుకు వంగి లాగితే దెబ్బ ఇంకా ఎక్కువ.

అపోహ: 'జీరో-జీరో' సీటు ఉంటే ఏ స్థితిలోనైనా బయటపడొచ్చు.

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. జీరో-జీరో అంటే ఎత్తు సున్నా, వేగం సున్నా: నేలమీద నిలబడి ఉన్న విమానం నుంచి కూడా పారాచూట్ విచ్చుకునేంత ఎత్తుకు సీటు తీసుకెళ్లగలదని అర్థం. విమానం పక్కకు ఒరగకుండా సమంగా ఉండి, కిందికి పడకుండా ఉన్నప్పటి మాట అది. నిమిషానికి 10,000 అడుగుల చొప్పున దిగుతున్న విమానం సెకనుకు 50 మీటర్లు కిందికి పోతోంది. సీటు ముందు ఆ పతనాన్ని ఆపాలి, తర్వాతే పైకి లేస్తుంది. తలకిందులుగా ఉంటే రాకెట్ నేలవైపే తోస్తుంది.

1989 జూన్ 8న పారిస్ ఎయిర్ షోలో సోవియట్ టెస్ట్ పైలట్ అనతోలీ క్వొచూర్ నడుపుతున్న మిగ్-29 ఇంజిన్ చెడి ముక్కు కిందికి వాలింది. నేలను తాకడానికి రెండున్నర సెకన్ల ముందు ఆయన ఎజెక్ట్ అయ్యి బతికారు. దాన్ని చూసి అందరికీ అలాగే జరుగుతుందనుకోకూడదు. విమానాన్ని కాపాడాలనో, జనంమీద పడకూడదనో ఇంకొక్క సెకను ఆగి, హద్దు దాటాక హ్యాండిల్ లాగి ప్రాణాలు పోగొట్టుకున్న పైలట్లు ఎందరో.

అపోహ: వేగం ఎక్కువైతే ఏముంది, గాలే కదా.

1955లో అమెరికా టెస్ట్ పైలట్ జార్జ్ స్మిత్ ధ్వని వేగాన్ని మించి పోతున్న ఎఫ్-100 ఫైటర్ నుంచి ఎజెక్ట్ అయ్యారు. అంత వేగంలో బయటపడి బతికిన మొదటి మనిషి ఆయన. ఐదు రోజులు స్పృహలో లేరు, ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్నారు. ఆ గాలి చేతులు, కాళ్ల కీళ్లను ఊడదీయగలదు. వీలైతే ముందు వేగం తగ్గించుకోమనేది ఇందుకే.

అపోహ: ఎవరు కూర్చున్నా సీటు ఒకేలా పనిచేస్తుంది.

బరువు చాలా ముఖ్యం. 2015లో అమెరికా వైమానిక దళం 136 పౌండ్ల కన్నా, అంటే దాదాపు 62 కిలోల కన్నా తక్కువ బరువున్న పైలట్లను ఎఫ్-35 నడపనివ్వలేదు. బరువైన హెల్మెట్‌తో మెడ విరిగే ముప్పు ఉందని భయం. హెల్మెట్ తేలిక చేసి, సీటులో మార్పులు చేశాక 2017లో ఆ నిషేధం ఎత్తేశారు.

అపోహ: ఒకసారి ఎజెక్ట్ అయితే మళ్లీ ఎగరలేరు.

గాయాన్నిబట్టి వైద్యులు తేలుస్తారు. 2019 ఫిబ్రవరి 27న ఎజెక్ట్ అయిన అభినందన్ వర్ధమాన్ సెప్టెంబర్ 2న మళ్లీ మిగ్-21లో ఎగిరారు.

అపోహ: ప్రమాదమంతా గాల్లోనే.

నేలమీద మాకు ఆ సీటు మందుగుండు నింపిన తుపాకీతో సమానం. ఎర్ర రిబ్బన్ కట్టిన సేఫ్టీ పిన్నులు పెట్టాకే పని మొదలుపెడతాం. పెట్టాం అనుకుంటే సరిపోదు, ఒక్కొక్కటీ వేలితో తాకి, లెక్కపెట్టి, రెండో మనిషితో మళ్లీ లెక్కపెట్టిస్తాను. 2019 మార్చిలో ఫ్రాన్స్‌లో రఫేల్ వెనక సీట్లో కూర్చున్న 64 ఏళ్ల సాధారణ పౌరుడు విమానం పైకి లేచిన కాసేపటికే పట్టుకోసం తడుముకుంటూ ఆ హ్యాండిల్‌నే పట్టుకున్నాడు. పట్టీలు సరిగా బిగించలేదు, హెల్మెట్ ఊడి పడింది. అయినా బతికాడు. వెనక సీటు బయటికి ఎగిరితే ముందు సీటు కూడా ఎగరాల్సిన అమరిక ఆరోజు పనిచేయలేదు, పైలట్ విమానాన్ని దించేశాడు. ఆ రోజు నుంచి కొత్త మనిషిని సీట్లో కూర్చోబెట్టిన ప్రతిసారీ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో రెండుసార్లు చూపించి, అతని చేతే మళ్లీ చేయించాకే నిచ్చెన దిగుతున్నాను.