‘ద్రౌపది’ని తీసేసేదాకా ఎందుకొచ్చింది?

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సిలబస్ గొడవ రేగిన ప్రతిసారీ మహాశ్వేతాదేవి కథ ‘ద్రౌపది’ మళ్లీ చర్చకు వస్తోంది. 2021 ఆగస్టులో బీఏ ఇంగ్లిష్ ఆనర్స్ ఐదో సెమిస్టర్‌లోని ‘స్త్రీల రచనలు’ పేపర్ నుంచి దాన్ని తొలగించారు. తమిళ దళిత రచయిత్రులు బామ, సుకిర్తరాణి రచనలు కూడా దానితోపాటే పోయాయి. ఇంగ్లిష్ చదివే పిల్లలకు బెంగాలీ కథ, తమిళ కవిత ఎందుకని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వివాదం మూలం ఆ ప్రశ్నలోనే ఉంది.

బ్రిటిష్ కాలంలో ఇక్కడ ఇంగ్లిష్ చదువుకు పట్టుబట్టిన మెకాలే సంగతి అందరికీ తెలిసిందే, అక్కణ్నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. స్వాతంత్ర్యం తర్వాత కూడా మన ఇంగ్లిష్ శాఖలు ఏళ్ల తరబడి చాసర్, మిల్టన్, వర్డ్స్‌వర్త్ అంటూ అదే వరసలో నడిచాయి. ఆ పాఠాలతో ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. మలుపు 1980లలో మొదలైంది. 1981లో సాహిత్య విమర్శకురాలు గాయత్రీ చక్రవర్తి స్పివాక్ ‘ద్రౌపది’ని ఇంగ్లిషులోకి తెచ్చారు. ఇంగ్లిష్ సాహిత్యం ఇంగ్లండ్‌లో కన్నా ముందే ఇక్కడ పాఠ్యాంశమైందనీ, దాని వెనక పాలకుల అవసరం ఉందనీ 1989లో పరిశోధకురాలు గౌరీ విశ్వనాథన్ పుస్తకం చూపించింది. మరి ఇంకా వాళ్ల పుస్తకాలే ఎందుకు చెబుతున్నామన్న ప్రశ్న అధ్యాపకులను నిలదీసింది.

జవాబుల్లో ఒకటి హైదరాబాద్ నుంచే వచ్చింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో భారతీయ స్త్రీల రచనల సంకలనం మొదటి సంపుటి ఇంగ్లిషులో వెలువడింది. దాని పీఠిక మొదలయ్యేది పద్దెనిమిదో శతాబ్దపు మన తెలుగు కవయిత్రి ముద్దుపళనితోనే. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో మళ్లీ అచ్చు వేయించిన ఆమె కావ్యం ‘రాధికా సాంత్వనము’ను అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన వైనం అక్కడ ఉంది. ఇలాంటి అనువాదాలు సిలబస్‌లోకి వచ్చాక ఇంగ్లిష్ క్లాసు మారిపోయింది. బెంగాలీ రాని విద్యార్థి సంతాల్ స్త్రీ కథను, తమిళం రాని విద్యార్థి దళితవాడ జీవితాన్ని ఆ క్లాసులోనే చదవగలిగారు. కులం, పోలీసు, సైన్యం కూడా పాఠాల్లోకి వచ్చాయి. పేచీలు అప్పుడే మొదలయ్యాయి.

‘ద్రౌపది’ చివరి ఘట్టం చూస్తే విషయం అర్థమవుతుంది. నక్సల్ ఉద్యమంలో ఉన్న సంతాల్ స్త్రీ దోప్దీ మేఝెన్ పట్టుబడుతుంది. రాత్రంతా సైనికులు ఆమెపై అత్యాచారం చేస్తారు. తెల్లారాక నీళ్లిస్తే పారబోస్తుంది, ఇచ్చిన గుడ్డను పళ్లతో చింపేస్తుంది. నగ్నంగా, నెత్తుటి గాయాలతో పట్టపగలు సైనికాధికారి సేనానాయక్ ఎదుటికి నడిచి వస్తుంది. చేతిలో ఆయుధం లేని మనిషిని చూసి ఆ అధికారి మొదటిసారి భయపడతాడు.

హర్యానా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016లో ఇంగ్లిష్ శాఖ ఈ కథను నాటకంగా వేసింది. సైన్యాన్ని కించపరిచారంటూ విద్యార్థి సంఘం ఏబీవీపీ ఆందోళనకు దిగింది. 2019లో ఢిల్లీ వంతు వచ్చింది. కొత్త సిలబస్‌లో గుజరాత్ అల్లర్ల నేపథ్యమున్న కథ పెట్టారని వైస్ చాన్సలర్ కార్యాలయం దగ్గర నిరసన జరిగింది. ఇంగ్లిష్‌తోపాటు చరిత్ర, సోషియాలజీ, రాజనీతి శాస్త్రం సిలబస్‌లనూ పునఃపరిశీలనకు పంపారు. సిలబస్‌పై చివరి మాట శాఖ చేతి నుంచి విశ్వవిద్యాలయం వేసిన పర్యవేక్షణ కమిటీ చేతికి పోయింది అప్పుడే. 2019లో చేరినవాళ్లు ఐదో సెమిస్టర్‌కు వచ్చేది 2021లో. కత్తెర పడింది కూడా ఆ సెమిస్టర్‌కే.

ఎవరి మనోభావాలూ దెబ్బతినని పాఠాలుండాలని విశ్వవిద్యాలయం వివరణ ఇచ్చింది. రచయితల కులమేమిటో తనకు తెలియదని కమిటీ అధ్యక్షుడు అన్నారు. చదువుల వ్యవహారాలు చూసే అకడమిక్ కౌన్సిల్‌లో పదిహేను మంది సభ్యులు అసమ్మతి పత్రం ఇచ్చారు. దళిత రచయిత్రుల పాఠాలను తీసేసే కమిటీలో ఒక్క దళితుడు గానీ, ఆదివాసీ గానీ లేరని అందులో రాశారు. కథను తొలగించడానికి సరైన కారణమేదీ చూపలేదన్నారు. ఆ ఆక్షేపణకు సూటి సమాధానం రాలేదు. సభ్యులు అడిగినది ఒక కథ గురించి మాత్రమే కాదు, సాహిత్యం చదివి చెప్పేవాళ్ల మాటకు విలువ ఉందా అని.

2022-23 నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జాతీయ విద్యావిధానం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ మొదలైంది. దాంతో ప్రతి శాఖా తన సిలబస్‌ను మళ్లీ మొదటి నుంచి రాసుకుని ఆమోదానికి పంపాల్సి వచ్చింది.