ఊరికో హైస్కూలు: అమెరికాలో ఎలా వచ్చింది, ఎలా పోతోంది

అమెరికాలోని చిన్న పట్టణాల్లో స్కూల్ బోర్డు సమావేశాలకు మామూలు రోజుల్లో నలుగురైదుగురికి మించి రారు. చర్చించాల్సిన అంశాల్లో ‘హైస్కూలు విలీనం’ కనిపించిందంటే మాత్రం కుర్చీలు చాలవు. పిల్లలు తగ్గారు, డబ్బు చాలడం లేదని బోర్డు లెక్కలు చదువుతుంది. ఈ బడిని మా తాతలు పన్నులు కట్టి నిలబెట్టారని ఊరు గొంతు పెంచుతుంది. రెండు మాటలూ నిజమే. అందుకే ఈ తగవు తరాలుగా తెగడం లేదు.

ఆ దేశపు తొలి పబ్లిక్ హైస్కూలు 1821లో బోస్టన్‌లో మొదలైంది. కాలేజీకి వెళ్లని అబ్బాయిలను వ్యాపారానికి, వృత్తులకు సిద్ధం చేయడానికి పెట్టిన బడి అది. 1827లో మసాచుసెట్స్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. 500 కుటుంబాలున్న ప్రతి ఊరూ బీజగణితం, రేఖాగణితం, భూమి సర్వే వంటివి చెప్పగల ఉపాధ్యాయుణ్ణి పెట్టుకోవాలంది. చాలా ఊళ్లు విననట్టే ఊరుకున్నాయి. అక్షరాలూ కూడికలూ అందరికీ కావాలి, వాటికి పన్ను కడతాం. పై చదువు కొందరికే కదా, దానికి మేమెందుకు కట్టాలి? ఈ ప్రశ్న యాభై ఏళ్లపాటు నలిగింది.

చివరికి అది మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో కోర్టుకెక్కింది. 1873లో దావా వేసినవారిలో ఒక మాజీ సెనేటర్ కూడా ఉన్నారు. హైస్కూలు కోసం, అందులో పరభాషలు నేర్పడం కోసం పన్ను వసూలు చేసే అధికారం బోర్డుకు లేదని వారి వాదన. అధికారం ఉందని 1874లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. మిగతా రాష్ట్రాలకూ ఆ తీర్పే ఒరవడి అయింది. ఊరి ఆస్తి పన్నుతో ఊరి హైస్కూలు అన్న ఏర్పాటు అలా గట్టిపడింది. ఆ ఏర్పాటే తర్వాత మెడకు చుట్టుకుంటుందని అప్పుడెవరూ ఊహించి ఉండరు.

1910లో అమెరికా యువతలో హైస్కూలు పూర్తిచేసినవారు నూటికి తొమ్మిదిమంది. 1940 నాటికి సగం మంది దాటారు. ఈ పరుగులో ముందున్నవి పెద్ద నగరాలనుకుంటే పొరపాటు. అయోవా, నెబ్రాస్కా, కాన్సస్ వంటి వ్యవసాయ రాష్ట్రాల చిన్న పట్టణాలే ముందు నడిచాయి. ఫ్యాక్టరీలున్న చోట పద్నాలుగేళ్ల పిల్లవాడికి కూలి దొరికేది, బడి మానేసేవాడు. చిన్న ఊళ్లో ఆ ఆకర్షణ లేదు. పైగా కట్టిన పన్ను ఎటు పోయిందో కళ్లెదుటే కనిపించేది: వీధి చివర ఇటుకల భవనం, గుమ్మం పైన ఊరి పేరు.

అదే కాలంలో పల్లెల్లో సుమారు రెండు లక్షల ఏకోపాధ్యాయ పాఠశాలలు నడిచేవి. రోడ్లు బాగుపడ్డాక వాటిని మూసి పిల్లలను పట్టణానికి తరలించడం మొదలైంది. ఇక్కడ ఒక గది గురించి చెప్పుకోవాలి. 1939 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సిర్ అనే ప్రొఫెసర్ స్కూలు బస్సులపై సమావేశం పెట్టారు. అప్పటిదాకా పిల్లలు గుర్రపు బండ్లు మొదలు రకరకాల ట్రక్కుల దాకా ఏది దొరికితే అందులో వెళ్లేవారు. గోడకు నిమ్మపండు పసుపు నుంచి ముదురు నారింజ దాకా రంగు పట్టీలు వేలాడదీసి, వచ్చినవాళ్లను ఒకటి ఎంచుకోమన్నారు. తెల్లవారుజాము మసక వెలుతురులో నల్ల అక్షరాలు బాగా కనిపించే పసుపు నెగ్గింది. పిల్లల భద్రత కోసం తీసుకున్న నిర్ణయమే. కానీ ఆ బస్సే లేకపోతే ఊరి బడిని పక్క ఊరికి తరలించడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

ఆ తర్వాత వచ్చింది పరిమాణం మీద మోజు. ఏటా కనీసం వందమంది చదువు పూర్తిచేసి బయటికి రాకపోతే ఆ హైస్కూలు మంచి కోర్సులు నడపలేదని హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ 1959లో తేల్చేశారు. ఫిజిక్స్ చెప్పడానికి సరైన టీచరే దొరకని బడులు అప్పట్లో ఉన్న మాట నిజమే. అయినా వంద అనే అంకె చట్టసభల చేతికి గొడ్డలిలా దొరికిందని నా అభిప్రాయం.

ఇండియానా సంగతే చూడండి. 1954 మార్చిలో రాష్ట్ర బాస్కెట్‌బాల్ ఫైనల్లో 161 మంది పిల్లలున్న మిలన్ హైస్కూలు, తనకు పది రెట్లున్న మన్సీ సెంట్రల్‌తో తలపడింది. చివరి క్వార్టర్‌లో బాబీ ప్లంప్ అనే కుర్రాడు బంతి పట్టుకుని నాలుగు నిమిషాలకు పైగా షాట్ వేయకుండా నిలబడ్డాడు. ఇన్ని సెకన్లలో షాట్ వేయాలన్న నియమం అప్పుడక్కడ లేదు. ఆఖరి క్షణాల్లో అతను వేసిన బాస్కెట్‌తో మిలన్ 32–30తో గెలిచింది. ఆ ఏడాది టోర్నమెంట్‌లో 751 హైస్కూళ్లు ఆడాయి. అయిదేళ్లకే రాష్ట్రం స్కూళ్ల పునర్వ్యవస్థీకరణ చట్టం తెచ్చింది. 1997లో ఆడినవి 382.

దేశమంతటా 1939–40లో 1,17,000కు పైగా ఉన్న స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక్కో బోర్డు కింద నడిచే బడుల పరిధులు) ఇప్పుడు దాదాపు 13,000. దక్షిణాది రాష్ట్రాల్లో విలీనానికి ఇంకో ముఖం ఉంది. తెల్లవారికీ నల్లవారికీ వేర్వేరు బడులు చెల్లవన్న 1954 నాటి సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు తర్వాత, ముఖ్యంగా అరవైల చివర్లో, తెల్లపిల్లలనూ నల్లపిల్లలనూ ఒకే బడిలో కలిపినప్పుడు మూతపడింది చాలాచోట్ల నల్లవారి హైస్కూలే. వేలాది నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మంచి తీర్పుకు మూల్యం ఎవరు చెల్లించారో అక్కడి పాత విద్యార్థులు ఇంకా మరిచిపోలేదు.

ఇక ఆస్తి పన్ను. ఇళ్ల విలువ పడిపోయిన ఊళ్లో బడి నిధులూ పడిపోతాయి. ఇది రాజ్యాంగ విరుద్ధమన్న వాదనను 1973లో రోడ్రిగెజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో తోసిపుచ్చింది. దాంతో పోరాటం రాష్ట్రాల కోర్టులకు మారింది. అక్కడ పేద డిస్ట్రిక్టులు గెలిచిన సందర్భాల్లోనూ చిక్కు తప్పలేదు. ఆర్కన్సాలో లేక్ వ్యూ అనే చిన్న డిస్ట్రిక్టు నిధుల కోసం ఏళ్ల తరబడి పోరాడి 2002లో నెగ్గింది. డబ్బు ఇవ్వక తప్పని రాష్ట్రం పొదుపు మార్గం వెతికింది. వరుసగా రెండేళ్లు 350 మంది కంటే తక్కువ పిల్లలున్న డిస్ట్రిక్టును కలిపేయాలని 2004లో చట్టం చేసింది. అలా కలిసిపోయినవాటిలో లేక్ వ్యూ కూడా ఉంది.

ఇప్పుడు కొన్ని చిన్న డిస్ట్రిక్టులు ఖర్చు తగ్గించుకోవడానికి, టీచర్లను రప్పించుకోవడానికి వారానికి నాలుగు రోజులే బడి నడుపుతున్నాయి. కొన్ని ఊళ్లు బడులు వేరుగా ఉంచుకుని ఫుట్‌బాల్ జట్టును మాత్రం కలిపేసుకున్నాయి. విలీనమైన చోట పేరు దగ్గరే మొదటి గొడవ. అయోవాలో బీసీఎల్‌యూడబ్ల్యూ అనే డిస్ట్రిక్టు ఉంది. బీమన్, కాన్రాడ్, లిస్కమ్, యూనియన్, విట్టెన్ అనే ఐదు ఊళ్ల మొదటి అక్షరాలవి. ఏ ఊరూ తన అక్షరాన్ని వదులుకోలేదు. హైస్కూలు కాన్రాడ్‌లో ఉంది.