రెండు ఇంగ్లిష్ మాటలకు ఒకే తెలుగు అర్థం రాసుకుంటే

చిరంజీవులకు ఆశీస్సులు.

తికమక పెట్టే ఇంగ్లిష్ మాటల జాబితా ఒకటి రాసి పంపమన్నారు. జాబితా పంపడం లేదు. బట్టీ పట్టిన జాబితా పరీక్ష హాల్లో టెన్షన్ రాగానే ఎగిరిపోతుంది. దానికి బదులు అసలు తికమక ఎక్కడ పుడుతుందో చెబుతాను. రెండు ఇంగ్లిష్ మాటల పక్కన మీరు ఒకే తెలుగు అర్థం రాసుకుంటారు చూడండి, అక్కడ.

లుక్, సీ రెండింటికీ 'చూడు' అనే రాసుకుంటారు. లుక్ అంటే పనిగట్టుకుని కళ్ళు అటు తిప్పడం. సీ అంటే కంటపడటం. 'చూశాను గానీ ఏమీ కనపడలేదు' అంటాం కదా, అందులో చూడటం లుక్, కనపడటం సీ. ఐ లుక్డ్, బట్ ఐ సా నథింగ్. ఇక వాచ్ అంటే కదిలేదాన్నో మారేదాన్నో కాసేపు వదలకుండా చూడటం. అందుకే మ్యాచ్‌కి వాచ్, ఫొటోకి లుక్ ఎట్. లిసన్, హియర్ సంగతీ అంతే: విను, వినపడు. ఫోన్లో మాట సరిగా రానప్పుడు కొందరు 'ఐ యామ్ నాట్ లిసనింగ్' అనేస్తారు. నీ మాట నేను పట్టించుకోవడం లేదని దానర్థం! అవతలివాళ్ళు మంచివాళ్ళయితే నవ్వి ఊరుకుంటారు. 'ఐ కాంట్ హియర్ యూ' అనాలి. కనపడటం, వినపడటం మనం పూనుకుని చేసే పనులు కావు కాబట్టి వాటికి మామూలుగా 'ఇంగ్' తగిలించరు. 'ఐ యామ్ సీయింగ్ ఎ బర్డ్' అనరు, 'ఐ కెన్ సీ ఎ బర్డ్' అంటారు. 'ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో' మాత్రం అనొచ్చు. అక్కడ సీ అంటే కలవడం.

బారో, లెండ్ దగ్గర చిక్కు వేరు. మనకు అప్పు అనే మాట ఒక్కటే. పక్కన 'ఇవ్వు' చేరిందా 'తీసుకో' చేరిందా అన్నదాన్ని బట్టి ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ సంగతి మాటలోనే ఇమిడి ఉంది. లెండ్ అంటే ఇవ్వడం, బారో అంటే తీసుకోవడం. సే, టెల్ తేడా ఇంకా చిన్నది. టెల్ వెనకాలే ఎవరికి చెప్పామో ఆ మనిషి రావాలి: టెల్ మీ, టెల్ హర్. సేకి ఆ పట్టింపు లేదు, మనిషిని తేవాలంటే మధ్యలో 'టు' కావాలి. టెల్ ద ట్రూత్, టెల్ ఎ లై లాంటివి అలవాటుగా స్థిరపడ్డాయి, ఉన్నవి ఉన్నట్టే నేర్చుకోండి.

ఫ్యూ, ఎ ఫ్యూ ఉన్నాయే, వాటిని తేలిగ్గా తీసుకోకండి. 'ఐ హావ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్' అంటే నాకు కొందరు స్నేహితులున్నారని, తృప్తిగా చెప్పడం. 'ఐ హావ్ ఫ్యూ ఫ్రెండ్స్' అంటే పెద్దగా ఎవరూ లేరని, వెలితిగా చెప్పడం. లెక్కకు ఇద్దరికీ ముగ్గురేసి స్నేహితులే ఉండొచ్చు. మనం 'కొందరు', 'కొందరే' అని చివర ఒక్క ఏత్వంతో చేసే పనిని వాళ్ళు ముందు ఒక్క 'ఎ' తీసేసి చేస్తారు. లిటిల్, ఎ లిటిల్ కూడా ఇదే దారి.

అసలు ఇంగ్లిష్‌లో ఇన్ని జంటలు ఎందుకున్నాయి? 1066లో నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండ్‌ను జయించాడు. ఆ తర్వాత చాలాకాలం రాజుగారి కొలువులో, కోర్టుల్లో ఫ్రెంచి నడిచింది. కోర్టు వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని 1362లో గానీ చట్టం రాలేదు. ఆ చట్టాన్ని కూడా ఫ్రెంచిలోనే రాశారు! అలా జనం మాట, దొరల మాట రెండూ మిగిలిపోయాయి. బిగిన్, ఆస్క్ పాత ఇంగ్లిష్ మాటలు. కమెన్స్, ఇంక్వైర్ ఫ్రెంచి వైపు నుంచి వచ్చినవి. రాజుకు తగిన అనే అర్థంలో కింగ్లీ ఇంగ్లిష్‌ది, రాయల్ ఫ్రెంచిది, రీగల్ లాటిన్‌ది. ఇలాంటి జంటల్లో అర్థం కన్నా హోదాలో తేడా ఎక్కువ. ఇల్లు, గృహం ఒకటే అయినా మనం ఇల్లు ఊడుస్తాం గానీ గృహాన్ని ఊడ్చం. గృహనిర్మాణ శాఖ అంటాం గానీ ఇళ్ళు కట్టే శాఖ అనం. స్నేహితుడికి రాసే ఉత్తరంలో కమెన్స్ పెడితే అలాగే ఎబ్బెట్టుగా ఉంటుంది.

నాకు బాగా ఇష్టమైన జంట అన్‌ఇంటరెస్టెడ్, డిస్‌ఇంటరెస్టెడ్. మొదటిది ఆసక్తి లేకపోవడం. రెండోది ఆ వ్యవహారంలో తన లాభనష్టాలేవీ లేకపోవడం. న్యాయమూర్తి డిస్‌ఇంటరెస్టెడ్‌గా ఉండాలి, అన్‌ఇంటరెస్టెడ్‌గా ఉంటే బెంచీ మీదే కునుకు తీస్తారు. తమాషా ఏమిటంటే 17వ శతాబ్దంలో ఈ రెంటినీ ఒకదాని అర్థంలో మరొకటి కూడా వాడారు. ఇప్పుడూ చాలామంది డిస్‌ఇంటరెస్టెడ్ అని ఆసక్తి లేదనే అర్థంలో రాస్తున్నారు, అది తప్పని గొడవపడేవాళ్ళూ ఉన్నారు. నేను గొడవపడను గానీ, ఆ తేడా పాటించడమే నాకిష్టం. 'ఇందులో నాకొచ్చేదేమీ లేదు' అన్న సంగతిని అంత పొందికగా చెప్పే మాట మళ్ళీ దొరకదు.

రిమెంబర్, రిమైండ్ కావాలనే వదిలేశాను. తెలుగులో 'గుర్తు' పక్కన ఏ క్రియలు చేరతాయో ఆలోచించి, ఒక్కోదానికి రెండేసి వాక్యాలు రాసి పంపండి. దిద్ది పంపిస్తాను.

మీ తాతయ్య