టెక్సాస్‌లో ఓటు: పోలింగ్ బల్ల దగ్గర విన్న అపోహలు, అసలు వాస్తవాలు

డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఊళ్లలో కొన్నేళ్లుగా ఎన్నికల క్లర్కుగా పనిచేస్తున్నాను. పని చిన్నదే. ఐడీ చూడాలి, లిస్టులో పేరు వెతకాలి, సంతకం చేయించుకుని బ్యాలెట్ ఇవ్వాలి. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా కుర్చీ వదలడానికి ఉండదు. మనవాళ్లు బల్ల దగ్గరికి రాగానే నా పేరు బ్యాడ్జీ చూసి, గొంతు తగ్గించి తెలుగులో ఏదో ఒకటి అడుగుతారు. ఎక్కువసార్లు విన్నవి ఇవి.

అపోహ: నేను ఎవరికి ఓటేశానో రికార్డులో ఉంటుంది.

సగం భయం నిజం, సగం కాదు. మీరు ఏ ఎన్నికలో ఓటేశారు, ఏ రోజు వేశారు అన్నది పబ్లిక్ రికార్డు. ప్రైమరీలో, అంటే ప్రతి పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఏ పార్టీ బ్యాలెట్ అడిగారన్నదీ అంతే. అభ్యర్థుల మనుషులు సరిగ్గా మీ తలుపే తట్టడానికి, మీ ఫోన్‌కే మెసేజ్‌లు పంపడానికి కారణం ఆ లిస్టే. కానీ బ్యాలెట్ మీద మీ పేరు ఉండదు. ఎవరిని ఎంచుకున్నారో రహస్యమే. మరీ తక్కువమంది ఓటేసిన చోట్ల పబ్లిక్ రికార్డులన్నీ కలిపి చూస్తే కొందరి ఓటు బయటపడే వీలుందని 2024లో వార్తలొచ్చాయి. ఆ తర్వాత అలాంటి వివరాలను మూసి ఇవ్వమని రాష్ట్రం కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) చెప్పింది.

అపోహ: ప్రైమరీలో ఓటేయాలంటే పార్టీ మెంబర్ అయి ఉండాలి.

టెక్సాస్‌లో ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం మీద పార్టీ అన్న గడే లేదు. మార్చి ప్రైమరీ రోజు వచ్చి "రిపబ్లికన్" అనో "డెమొక్రాట్" అనో అడిగితే ఆ బ్యాలెట్ ఇస్తాం. ఒక్కటే షరతు. మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేసి, మేలో రెండో పార్టీ రనాఫ్‌లో (ఎవరికీ సగానికి మించి ఓట్లు రానప్పుడు మొదటి ఇద్దరి మధ్య మళ్లీ జరిగే పోటీలో) వేయడం కుదరదు. నవంబర్‌లో జరిగే అసలు ఎన్నికలో మీ ఇష్టం.

అపోహ: ఇది ఎప్పుడూ రిపబ్లికన్ల రాష్ట్రమే, ఇక్కడ నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?

ఈ మాట వింటే నాకు చరిత్ర పాఠం మొదలుపెట్టాలనిపిస్తుంది, వెనకాల లైను ఉంటుంది కాబట్టి ఊరుకుంటాను. ఇక్కడ ఎవరూ ఆపరు కదా!

అంతర్యుద్ధం తర్వాత కొద్దికాలం తప్పిస్తే సుమారు వందేళ్లు ఇది డెమొక్రాట్ల కంచుకోట. అధ్యక్ష ఎన్నికలో టెక్సాస్ మొదటిసారి రిపబ్లికన్ వైపు వెళ్లింది 1928లో, హూవర్‌కు. 1976లో జిమ్మీ కార్టర్ ఇక్కడ గెలిచాడు. ఆ తర్వాత ఏ డెమొక్రాట్‌కూ ఆ భాగ్యం దక్కలేదు. 1990లో గవర్నర్‌గా గెలిచిన ఆన్ రిచర్డ్స్ 1994లో జార్జ్ డబ్ల్యు. బుష్ చేతిలో ఓడింది. రాష్ట్రస్థాయి పదవి ఏదైనా డెమొక్రాట్లు గెలిచిన చివరి ఏడాది కూడా 1994యే.

పార్టీ మారింది కానీ ఒక సంగతి మారలేదు. అప్పట్లో డెమొక్రటిక్ ప్రైమరీ గెలిస్తే నవంబర్ గెలిచినట్టే. ఇప్పుడు చాలా పదవులకు రిపబ్లికన్ ప్రైమరీ అలాంటిది. అందుకే ఆ రోజుల్లో నల్లజాతివారిని అసలు ఆటలోకే రానివ్వకుండా డెమొక్రటిక్ ప్రైమరీ గుమ్మం దగ్గరే ఆపారు. హ్యూస్టన్‌లో పళ్ల డాక్టరు లానీ స్మిత్ కోర్టుకెక్కితే, 1944లో సుప్రీంకోర్టు ఆ తలుపు తెరిపించింది. ఓటేయడానికి కట్టాల్సిన పోల్ టాక్స్ మాత్రం రాష్ట్ర ఎన్నికల్లో 1966 దాకా ఉంది.

ఇక ఒక్క ఓటు సంగతి. 1948లో సెనేట్ సీటు కోసం డెమొక్రటిక్ ప్రైమరీ రనాఫ్‌లో లిండన్ జాన్సన్, కోక్ స్టీవెన్సన్ తలపడ్డారు. దాదాపు పది లక్షల ఓట్లు పోలైతే జాన్సన్ మెజారిటీ 87! అదీ పోలింగ్ అయిపోయిన కొన్ని రోజులకు, ఆలిస్ అనే చిన్న ఊళ్లో 13వ నంబరు పెట్టెలో 202 ఓట్లు కొత్తగా తేలాక. ఆ పేర్లన్నీ ఒకే సిరాతో, అక్షరక్రమంలో ఉన్నాయట. జనం వచ్చి నిలబడేది అక్షరక్రమంలోనా? అక్కడ ఎన్నికల జడ్జిగా (అంటే పోలింగ్ కేంద్రం పెద్దగా, కోర్టు జడ్జి కాదు) కూర్చున్న మనిషే 1977లో అది మోసమని ఒప్పుకున్నాడు. ఇప్పుడు సార్వత్రిక ఎన్నికల్లో ప్రిసైడింగ్ జడ్జి ఒక పార్టీ నుంచి, ప్రత్యామ్నాయ జడ్జి రెండో పార్టీ నుంచి ఉంటారు. ఇద్దరూ ఒకే గదిలో పన్నెండు గంటలు ఒకరినొకరు చూస్తూ కూర్చోవడం బోర్ కొట్టినా మంచిదే అని నా అభిప్రాయం.

అపోహ: అమ్మకు సిటిజన్‌షిప్ వచ్చింది కానీ ఇంగ్లీష్ చదవలేదు, ఇక ఓటెక్కడ వేస్తుంది?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ ఇదే. అమ్మానాన్నలను కారులోనే కూర్చోబెట్టి, పిల్లలు మాత్రం లోపలికొచ్చి ఓటేసి వెళ్లడం కళ్లారా చూశాను.

బ్యాలెట్ మీద తెలుగు ఉండదు, నిజమే. రాష్ట్రమంతటా ఇంగ్లీష్, స్పానిష్ ఉంటాయి. హ్యారిస్ కౌంటీలో వియత్నామీస్, చైనీస్ కూడా. అయితే బ్యాలెట్ భాష చదవలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని సాయానికి తెచ్చుకోవచ్చు. ఇది సమాఖ్య చట్టం ఇచ్చిన హక్కు. ఆమె పనిచేసే చోటి యజమాని, యూనియన్ తరఫు మనుషులు మాత్రం పనికిరారు. కొడుకైనా కోడలైనా సరే, ప్రమాణం చేసి పక్కన నిలబడి చదివి చెప్పొచ్చు. ఆమె చెప్పినదే గుర్తించాలి, ఇతనికి వేయమ్మా అని సలహా ఇవ్వకూడదు.

ఈ హక్కు వెనక మనలాంటి ఇంటి కథే ఒకటుంది. 2014లో విలియమ్సన్ కౌంటీలో బెంగాలీ మాట్లాడే ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని వెళ్లింది. అతను "ఇంటర్‌ప్రెటర్‌ని" అన్నాడు. ఇంటర్‌ప్రెటర్ అదే కౌంటీలో ఓటరై ఉండాలని అప్పటి రాష్ట్ర చట్టం. అతని ఓటు పక్క కౌంటీలో ఉండటంతో సాయం చేయనివ్వలేదు. కేసు వేశారు. 2017లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ ఆంక్ష సమాఖ్య చట్టానికి విరుద్ధమని తేల్చింది. నడవలేని పెద్దవాళ్ల కోసం బ్యాలెట్‌ను కారు దగ్గరికే తెచ్చిస్తాం, అడగండి. 65 దాటినవాళ్లు పోస్టులో కూడా వేయొచ్చు, దరఖాస్తు ప్రతి ఏడాదీ కొత్తగా పెట్టుకోవాలి.

అపోహ: గ్రీన్ కార్డు ఉంది కదా, సిటీ, స్కూల్ బోర్డు ఎన్నికల్లోనైనా వేయొచ్చు.

వద్దండీ, దయచేసి. టెక్సాస్‌లో ఏ ఎన్నికకైనా పౌరసత్వం తప్పనిసరి. ఒకప్పుడు, పౌరుడినవుతానని ప్రకటించిన వలసదారుడు ఇక్కడ ఓటేసేవాడు. ఇక్కడే పుట్టిన ఆడవాళ్లకు మాత్రం ఓటు లేదు! 1921లో టెక్సాస్ రాజ్యాంగ సవరణతో పౌరులు కాని వలసదారుల ఓటు పోయింది. ఇప్పుడు తెలియక వేసినా టెన్షన్ తప్పదు. కేసు, డిపోర్టేషన్, సిటిజన్‌షిప్ దరఖాస్తు గల్లంతు, అన్నీ ఉంటాయి. 2017లో టారంట్ కౌంటీలో గ్రీన్ కార్డున్న ఒకామెకు 8 ఏళ్ల శిక్ష పడింది. డ్రైవింగ్ లైసెన్స్ ఫారంలో "ఓటరుగా నమోదు చేయాలా?" అన్న ప్రశ్న దగ్గర చదవకుండా టిక్ పెట్టొద్దు.

ఇంకొన్ని, గబగబా

ఓటరుగా చేరితే జ్యూరీ డ్యూటీ పడుతుందని మానేసేవాళ్లున్నారు. జ్యూరీకి పిలుపు డ్రైవింగ్ లైసెన్స్ లిస్టు నుంచి కూడా వస్తుంది, తప్పించుకోలేరు.

యూనివర్సిటీ ఐడీ చెల్లదు. అమెరికా పాస్‌పోర్ట్, టెక్సాస్ లైసెన్స్ చెల్లుతాయి. 70 ఏళ్లు దాటినవారి కార్డు గడువు ఎప్పుడు తీరిపోయినా పర్వాలేదు.

బ్యాలెట్‌లో జడ్జీలు, కమిషనర్లు అంటూ పేర్లు వస్తూనే ఉంటాయి. పార్టీ గుర్తు ఒక్కటి నొక్కి అందరికీ వేసే పద్ధతి 2020లో పోయింది. ఫోన్ లోపల వాడనివ్వం. ఇంటి దగ్గరే చీటీ రాసుకుని జేబులో పెట్టుకురండి, దానికి అభ్యంతరం లేదు. మీకు ఆఫీసు ఆలస్యమైతే సాయంత్రం ఏడింటికల్లా లైనులో ఉండండి చాలు, చివరి మనిషి ఓటేసేదాకా మేం లేవం.